ఎర్రజెండా ఎవరి చేతికిస్తున్నారు?

రోడ్డు పనుల వద్ద వాహనాలు ఆపే కూలీలకు శిక్షణ కరువు

నందిపేట్: రోడ్డు పని జరిగే చోట ఎర్రజెండా పట్టుకొని నిలబడే మనిషిని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. కంకర మోసేవాడికి బలం కావాలి. రోలరు తోలేవాడికి లైసెన్సు కావాలి. తారు కాచేవాడికి అనుభవం కావాలి. జెండా పట్టుకోవడానికి మాత్రం ఏదీ అక్కరలేదని మేస్త్రీల అభిప్రాయం. అందుకే పొద్దున పని పంచేటప్పుడు గంప ఎత్తలేని ముసలాయనకో, చంటిబిడ్డతో వచ్చిన తల్లికో, బడి మానిన కుర్రవాడికో జెండా ఇచ్చి "నువ్వు అక్కడ నిలబడు" అంటారు. కొన్ని చోట్ల ఆ జెండా కూడా ఉండదు. తల రుమాలో, వేపమండో ఊపుతూ ఉంటారు. నిజానికి ఆ చోట సాగే పనులన్నింటిలో నిలువునా ప్రాణాలతో ముడిపడి ఉన్నది ఆ మనిషి చేసే పనే.

ఈ ప్రాంతంలో ఈ విషయం పట్టించుకోవడానికి ప్రత్యేక కారణమున్నది. నందిపేట్ నుంచి ఆలూర్ మీదుగా ఆర్మూర్‌కు, మాక్లూర్ మీదుగా నిజామాబాద్‌కు రోడ్లున్నాయి. ఉమ్మెడ వద్ద గోదావరి మీది వంతెన దాటితే నిర్మల్ జిల్లా. ఆర్మూర్ చేరితే పాత ఏడవ నంబరు జాతీయ రహదారి, అంటే నేటి 44వ నంబరు, దానితోపాటు జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి కలుస్తాయి. ఈ రోడ్లకు మరమ్మతులు ఎప్పుడు చేస్తారు? వానలు వెనుకబట్టి నేల ఆరిన తరువాత, మళ్ళీ వానలు పడకముందు. అంటే జనవరి నుంచి మే వరకు. సరిగ్గా అప్పుడే పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం పూర్తయి బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బయలుదేరతాయి. కొందరు రైతులు ధర చూసుకొని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పంపుతారు. అవి ముగిసేసరికి యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాలకు వస్తాయి. రోడ్డు సగం తవ్వి ఉండేదీ, రోడ్డు మీద బరువు బండ్లు ఎక్కువగా తిరిగేదీ ఒకే కాలం. ఏటా ఇంతే. అయినా ప్రతి సంవత్సరం ఇదేదో అనుకోకుండా వచ్చిపడినట్లే పనులు సాగుతుంటాయి.

ఇక లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. డ్రైవరు జెండాను చూసి, అది జెండా అని గ్రహించి, బ్రేకు మీద కాలు వేసే లోపల రెండున్నర సెకన్లు గడుస్తాయని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే బ్రేకు పడకముందే బండి 40 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. ఆ తరువాత ఆగడానికి మరి కొంత దూరం. మొత్తం మీద 60 కిలోమీటర్ల వేగానికి 80 మీటర్లు, 80 కిలోమీటర్ల వేగానికి 120 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగానికి 180 మీటర్లు కావాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఇవి మంచి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న బండికి సంబంధించిన అంకెలు. పసుపు బస్తాలు నింపిన ట్రాలీకి విడిగా బ్రేకు ఉండదని ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంటివారికీ తెలుసు. ఇంజను ఆగినా వెనుక నుంచి బరువు తోస్తూనే ఉంటుంది. పైగా, ఒకవైపు చిప్స్ పరిచి తారు పోసిన చోట చక్రం జారుతుంది.

ఇప్పుడు మన జెండా మనిషి ఎక్కడ నిలబడతాడో గుర్తు తెచ్చుకోండి. పని జరిగే చోటికి పది, పదిహేను అడుగుల ముందు, అదీ రోడ్డు నడిమధ్య, చాలాసార్లు తోటి కూలీలతో మాట్లాడుతూ, వచ్చే బండికి వీపు పెట్టి. అతని తప్పేమీ లేదు. ఎక్కడ నిలబడాలో అతనికి చెప్పినవారే లేరు.

నిబంధనలు లేక కాదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ రోడ్డు, వంతెన పనులకు ప్రకటించిన స్పెసిఫికేషన్లలో 112వ క్లాజు పూర్తిగా ఈ సంగతికే కేటాయించారు. రోడ్డు సగం మూసి ఒకే వరుసలో బండ్లను పంపవలసి వస్తే, తాత్కాలిక సిగ్నలు దీపాలు పెట్టాలి, లేదా రెండు వైపులా జెండా మనుషులను అన్ని గంటలూ ఉంచాలి. వారికి ఎరుపు, ఆకుపచ్చ జెండాలతో పాటు దీపాలు కూడా ఇవ్వాలి. రాత్రిపూట దారి తెలిసేలా లాంతర్లో, మరో వెలుగో ఉండాలి. హెచ్చరిక బోర్డులు కనీసం రెండు ఉండాలి. ఒకటి దారి మళ్ళే చోట, రెండవది దానికి 120 మీటర్ల ముందు. ఈ 120 మీటర్లు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి పట్టే దూరంతో సమానం కావడం గమనార్హం. ఇవి కాక, పనులు జరిగే చోట ట్రాఫిక్‌ను ఎలా నడపాలో చెప్పే ప్రత్యేక మార్గదర్శకాలను ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2001లోనే ప్రచురించి, 2014లో సవరించింది. బోర్డు మొదలుకొని జెండా మనిషి తొడుక్కునే మెరుపు జాకెట్ దాకా అన్నీ అందులో ఉన్నాయి.

మరి ఎందుకు జరగడం లేదు? కాంట్రాక్టర్ల నిర్లక్ష్యమని ఒక్కమాటలో తేల్చేయవచ్చు. అయితే అసలు కీలకం బిల్లులో ఉన్నది. ఈ ఏర్పాట్ల ఖర్చు అంతా పనిలో భాగమే, దానికి వేరుగా చెల్లింపు ఉండదని సాధారణంగా ఒప్పందాలు చెప్తాయి. వేరుగా చెల్లింపు లేదు గనుక కొలత లేదు. ఇంజనీరు వచ్చి కంకర మందం కొలుస్తాడు, తారు శాతం చూస్తాడు, ఎం.బి.లో ఎక్కిస్తాడు. జెండా మనిషి 120 మీటర్ల దూరంలో ఉన్నాడా, రోజంతా ఉన్నాడా అన్నది ఎం.బి.లో ఎక్కదు. కాబట్టి పెట్టని జెండా మనిషి కూలీ కాంట్రాక్టరుకు మిగులు. ఆ పనిని సబ్ కాంట్రాక్టరుకు, అతడు మేస్త్రీకి అప్పగించేసరికి ఆ మిగులు తప్ప లాభం లేని పరిస్థితి కూడా ఏర్పడుతుంది. జాకెట్లు, బోర్డులు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషుల కూలీ అన్నది అంచనాలోనే ఒక వేరు పద్దుగా రాసి, ఉన్న రోజులకే డబ్బు ఇస్తే, చెప్పకుండానే జెండాలు వాటి చోటికి అవే వస్తాయి. పెద్ద రహదారుల పనుల్లో సలహాదారు సంస్థ ఒకటి పర్యవేక్షిస్తుంది గనుక కొంత నయం. మండల రోడ్ల మీద సగం పూట జరిగే గుంతల పూడ్చివేత దగ్గరికి ఎవరూ రారు. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఆ సగం పూట పనిలోనే.

రైల్వేవారిని చూస్తే తేడా అర్థమవుతుంది. 2017లో పూర్తయిన పెద్దపల్లి - నిజామాబాద్ లైను ఆర్మూర్ మీదుగానే పోతుంది. పట్టాల మీద పనిచేసే గ్యాంగుకు కాపలాగా ఒక మనిషిని కేవలం బండి రాకను చూడడానికే నిలబెడతారు. అతని చేతిలో జెండా, నోటిలో ఈల ఉంటాయి. అతనికి కంకర పని చెప్పరు. గేటు దగ్గర ఉండే మనిషికి చూపు పరీక్ష చేయకుండా ఉద్యోగం ఇవ్వరు. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ పరీక్షిస్తారు. రోజుకు కొన్ని బండ్లు మాత్రమే పోయే లైనుకు ఇంత జాగ్రత్త. వందల బండ్లు పోయే రోడ్డు మీద మాత్రం కళ్ళు మసకబారిన ముసలాయన.

రైల్వే నుంచి తీసుకోదగిన ఉపాయం మరొకటి ఉన్నది. ఒకే పట్టాల లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండా పూర్వం డ్రైవరుకు టోకెను ఇచ్చేవారు. టోకెను చేతిలో లేనిదే బండి కదలదు. రోడ్డు పని మలుపులో ఉండి, ఈ కొసన ఉన్న జెండా మనిషికి ఆ కొసన ఉన్నవాడు కనిపించని చోట సరిగ్గా ఇదే చేయవచ్చు. ఇటు నుంచి పోయే ఆఖరి బండివానికి ఒక రంగు కర్ర ఇచ్చి పంపాలి. అది చేతికి అందేదాకా అటువాడు ఒక్క బండినీ వదలకూడదు. కొన్ని దేశాల్లో ఈ పద్ధతి ఉన్నది. మన దగ్గర సెల్‌ఫోనులో "వదులన్నా, వదులు" అని అరుస్తుంటారు. సిగ్నలు పోయిందంటే ఇద్దరూ వదులుతారు. సన్నని దారి నడుమ ధాన్యం ట్రాక్టరు, ఆర్టీసీ బస్సు ముఖాముఖి నిలబడి, వెనక్కి పోయే వీలు లేక గంటసేపు ఇరుక్కున్న దృశ్యం చూడనివారు ఉండరు.

శిక్షణ అనగానే ఇదేదో ఏడాది కోర్సు అనుకోనక్కరలేదు. ఒక పూట పని. రోడ్డు మీద కాక పక్క మట్టి అంచున నిలబడాలి. ముఖం ఎప్పుడూ వచ్చే బండ్ల వైపే ఉండాలి. చెట్టు నీడలో నిలబడరాదు, ఎండలోంచి వచ్చే డ్రైవరు కంటికి నీడలోని మనిషి కనపడడు. నిలబడ్డ చోటునుంచి పక్కకు దూకడానికి ఖాళీ ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. వెనుక గుంత గాని, కంకర కుప్ప గాని ఉంటే చోటు మార్చుకోవాలి. ఆపాలంటే ఎర్రజెండాను అడ్డంగా చాచి కదలకుండా పట్టి, రెండవ చేతి అరచేయి చూపాలి. పంపాలంటే ఎర్రజెండాను పూర్తిగా దించివేయాలి. ఎర్రజెండానే ఊపుతూ బండ్లను రమ్మనడం మన దగ్గర అతి సాధారణమైన తప్పు. ఆ ఊపు చూసి ఒక డ్రైవరు ఆగుతాడు, వెనుకవాడు పొమ్మన్నాడనుకుంటాడు. తోటి కూలీలు జెండా మనిషి చుట్టూ చేరరాదు. బండి ఆగకుండా దూసుకువస్తే దాన్ని ఆపబోకూడదు. ఈల వేసి వెనుకవారిని హెచ్చరించి తప్పుకోవాలి. ఈ ఆఖరి మాట ఎవరూ చెప్పరు గనుకనే కొందరు అమాయకులు జెండా చేతిలో ఉంటే లారీ ఆగి తీరుతుందన్న ధైర్యంతో నిలబడిపోతారు.

ఇంత పాఠం చెప్పడానికి ఒక సెక్షన్ ఇంజనీరు, ఒక పోలీసు అధికారి, ఆర్మూర్ డిపోలోని అనుభవజ్ఞుడైన ఆర్టీసీ డ్రైవరు ఒకరు చాలు. బరువు బండి ఎంత దూరంలో ఆగుతుందో ఆ డ్రైవరు ఖాళీ స్థలంలో ఒకసారి ఆపి చూపిస్తే కూలీకి జీవితాంతం గుర్తుంటుంది. రాష్ట్ర స్థాయిలోనైతే 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ న్యాక్ అనే సంస్థ, నిర్మాణ కార్మికులకు శిక్షణ ఇస్తున్నది. జెండా పని నేర్చినవారికి అటువంటి సంస్థ పేరిట ఒక కార్డు ఇచ్చి, కార్డు ఉన్నవాడినే నిలబెట్టాలని టెండరు షరతు పెడితే సరిపోతుంది. ఇక్కడొక చిక్కు ఉన్నది. రోడ్డు పనులకు వచ్చే కూలీలలో చాలామంది నాందేడ్ వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి వచ్చినవారు. తెలుగులో చెప్తే తలూపుతారు గాని అర్థం కాదు. వారి భాషలోనో, కనీసం హిందీలోనో చెప్పాలి. తెలియనిదాన్ని చేసి చూపాలి.

అమెరికాలో సియాటిల్ నగరమున్న వాషింగ్టన్ రాష్ట్రంలో జెండా పనికి తరగతి, పరీక్ష, కార్డు తప్పనిసరి. కార్డు మూడేళ్ళు చెల్లుతుంది, ఆ తరువాత మళ్ళీ నేర్చుకోవాలి. అక్కడ జెండా కంటె "ఆగు" అని ఒకవైపు, "నెమ్మది" అని మరోవైపు రాసిన పలకనే వాడమంటారు. అక్షరం రానివాడికి కూడా ఆ పలక ఆకారం, రంగు అర్థమవుతాయి. అంత దూరం పోనక్కరలేదు. మన ఊళ్ళలోనే దుబాయి, మస్కట్, సౌదీలలో రోడ్డు పనులు చేసి వచ్చినవారు వాడకొకరున్నారు. పనిలోకి దిగే ముందు భద్రత పాఠం వినిపించారని, జాకెట్ లేకపోతే సైటులోకి రానివ్వలేదని వారు చెప్తారు. గల్ఫ్ కష్టాలు మనకు తెలియనివి కావు. అక్కడి కంపెనీలన్నీ మంచివని ఎవరూ అనరు. కాని యు.ఏ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదని నిబంధన ఉన్నది. మన జిల్లాలో మే నెల ఎండలో తారు పొయ్యి పక్కన ఆరుగంటలు జెండా పట్టి నిలబడిన మనిషికి కళ్ళు తిరిగితే, ఆ క్షణంలో రెండువైపులా బండ్లకు దిక్కెవరు? రెండు గంటలకొకసారి మనిషిని మార్చాలి. ఇది దయ చూపడం కాదు, ట్రాఫిక్ నడపడంలో భాగం. గల్ఫ్ నుంచి తిరిగివచ్చి ఊళ్ళో పని వెతుక్కుంటున్నవారినే ఈ పాఠం చెప్పడానికి పిలిస్తే వారికీ నాలుగు రోజుల కూలీ గిట్టుతుంది.

జరగరానిది జరిగితే ఏమిటన్నది ప్రతి కూలీ కుటుంబానికీ తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198-ఎ సెక్షను ప్రకారం, రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకు, సలహాదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. కోట్ల పనిలో లక్ష ఏపాటి? అదీగాక ఆ డబ్బు ప్రమాదాల నిధికి పోతుంది, బాధితుని ఇంటికి రాదు.

కుటుంబానికి వచ్చేవి వేరే దారులు. గుద్దిన వాహనం తెలిస్తే దాని బీమా మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేయవచ్చు. ఆరు నెలల్లోగా వేయాలన్నది చట్టంలోని మాట, ఆలస్యం చేయరాదు. లేదా పని ఇచ్చిన యజమాని నుంచి పరిహారం కోరవచ్చు. రెండూ కుదరవు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. బండి గుద్ది పారిపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు వస్తాయి. దానికి దరఖాస్తు విచారించేది ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి అధికారి. ఆర్మూర్‌లోనే ఆర్డీవో కార్యాలయమున్నది. ఇక 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితునికి గుర్తించిన ఆసుపత్రులలో ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేసే పథకం వచ్చింది. తెలియక గాయపడినవానిని ఇంటికి తీసుకుపోయి పసరు కట్టడం ఇంకా కొన్ని చోట్ల జరుగుతున్నది.

యజమాని దగ్గర పరిహారం కావాలంటే ఆ మనిషి ఆ పనిలో ఉన్నట్లు కాగితం కావాలి. ఇక్కడే చాలామంది ఓడిపోతున్నారు. మస్టరులో పేరు లేదు, కూలీ చేతికిచ్చారు, మేస్త్రీ ఫోను తీయడు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం రోడ్డు కూలీలకూ వర్తించేది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి పాత చట్టాలను కలుపుకొన్నాయి. కొత్త కోడ్ ప్రకారం పనివానికి నియామక పత్రం ఇవ్వాలి, పనిచోటు ప్రమాదరహితంగా ఉంచాలి. కాగితం మీద ఇది మంచి మాటే. జెండా పట్టే మనిషి ముందు చేయవలసింది తన పేరు మస్టరులో రాయించుకోవడం. కుదరకపోతే జెండాతో, పని చోటు కనపడేటట్లు ఒక ఫోటో తీయించుకొని ఇంట్లోవారికి పంపడం. చిన్న ఉపాయమే. కోర్టులో పెద్ద సాక్ష్యం కావచ్చు.

ఇంతవరకు కాంట్రాక్టరునూ ఇంజనీరునూ అన్నాం. మన సంగతి ఏమిటి? గ్రామంలో సీసీ రోడ్డు వేసేటప్పుడు పనిపట్టేది ఊరివారే. అడ్డంగా ముళ్ళకంప వేసి, నాలుగు రాళ్ళు పెట్టి ఊరుకుంటాం. పని అయిపోయిన తరువాత ఆ రాళ్ళు అక్కడే ఉంటాయి. వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోసి చుట్టూ పేర్చే రాళ్ళ సంగతి మరీ అన్యాయం. నల్లటి కవరు కప్పి, దానిమీద రాయి పెట్టి, రాత్రి ఇంటికి పోతాం. అటు మోటారుసైకిల్ మీద వచ్చేవాడు మన పక్క ఊరివాడే. రైతుకు కల్లం లేక చేస్తున్నాడన్నది నిజమే. అయినా తన కుప్ప దగ్గర ఒక ఎర్రదీపం పెట్టడానికి కల్లం అడ్డురాదు. ఇక జెండా చూసి కూడా పక్కనుంచి మోటారుసైకిల్ దూర్చేవారు మనలో ఎందరో ఉన్నారు. ఆపితే "ఎవడివి నువ్వు ఆపడానికి?" అని ముసలాయన మీదికి పోతారు. అతని ఒంటి మీద మెరిసే జాకెట్, నెత్తిన హెల్మెట్, మెడలో కార్డు ఉంటే ఆ మాట అంత సులువుగా నోట రాదు. శిక్షణ వల్ల కూలీకి కలిగే లాభాలలో ఇది తక్కువది కాదు.

2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచిన సర్పంచులకు రోడ్ల మీద పెద్దగా అధికారం లేదనవచ్చు. ఆర్ అండ్ బీ రోడ్డు వారిది కాదు, పంచాయతీరాజ్ రోడ్డు ఇంజనీర్ల చేతిలో ఉంటుంది. కాని తమ పంచాయతీ చేయించే సీసీ రోడ్డు పనిలో 14 ఏళ్ళలోపు పిల్లల చేతికి జెండా ఇవ్వరాదని, పని జరిగినన్ని రోజులు రెండు వైపులా మనుషులుండాలని, సాయంత్రం రాళ్ళు తీసి దీపం పెట్టిన తరువాతే మేస్త్రీ ఇంటికి పోవాలని గ్రామసభలో తీర్మానించి, పని ఒప్పుకున్నవాని చేత సంతకం పెట్టించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మిగతా రోడ్ల విషయంలో పని మొదలైన రోజునే సంబంధిత అసిస్టెంట్ ఇంజనీరుకు రాతపూర్వకంగా అడిగి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి.

నిజామాబాద్‌లో 2025 జూన్ 29న జాతీయ పసుపు బోర్డు కార్యాలయం ప్రారంభమైంది. పసుపుకు మంచి రోజులు వస్తే ఈ రోడ్ల మీద బరువు బండ్లు ఇంకా పెరుగుతాయి. రోడ్లు వెడల్పు చేయమని అందరం అడుగుతాం. వెడల్పు చేసే నెలల్లో ఒక సగం మూసి, మరో సగం మీద రెండు వైపుల బండ్లనూ పంపవలసినవాడు మళ్ళీ ఆ జెండా మనిషే. ఆ పని మొదలుకాకముందే, అంచనాలు తయారయ్యేటప్పుడే అతని కూలీ, జాకెట్, ఒక పూట శిక్షణ ఒక పద్దుగా చేరాయో లేదో ఇంజనీరు కార్యాలయంలో అడిగి చూడవలసి ఉన్నది.